ఆకుని రెండుసార్లు చూడొద్దు

పోయిన నెల్లో నెల్లూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, ఒక్కో పేజీకి పది రోజులు పడతా ఉంది, ఐప్యాడ్ కొంటే తగ్గుద్దా?" అని. కామిక్స్ గీసే పిల్లలు నన్ను ఈ మాట అడగడం ఇది నాలుగోసారో ఐదోసారో. ఎవరికీ "కొను" అని చెప్పలేదు. అతనికీ చెప్పలేదు. కానీ "వద్దు" అని ఊరుకుంటే సరిపోదు కదా, ఎందుకు వద్దో, మరి పది రోజులు రెండు మూడు రోజులు కావాలంటే ఏం చేయాలో చెప్పాలి. వాయిస్ మెసేజీల్లో ముక్కలు ముక్కలుగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను ఒంగోల్లో ఒక డీటీపీ, ఫ్లెక్సీ షాపులో పనిచేస్తాను. పగలంతా పెళ్ళి కార్డులు, బర్త్‌డే ఫ్లెక్సీలు, సంవత్సరీకం కార్డులు, నాయకుల ఫొటోలు. కామిక్స్ నాకు రాత్రి పని. పాప పడుకున్నాక తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా, రెండు గంటలు, అదీ ఇంట్లో ఎవరికీ జ్వరం రాకుండా ఉంటే. సమయం ఇంతే ఉన్నవాళ్ళకి "ప్రేరణ వచ్చినప్పుడు గీద్దాం" అనే మాట కుదరదు. త్వరగా గీయడం నాకు సరదా కాదు, అలా గీయకపోతే కథ పూర్తవదు. మొదట మొదలుపెట్టిన 40 పేజీల కథ పదమూడో పేజీ దగ్గర ఆగిపోయింది, ఇప్పటికీ హార్డ్ డిస్క్‌లో అలాగే ఉంది, అందులో ఉన్న ముసలాయన ఆ మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఆ బాధ నాకు బాగా గుర్తు.

అది ఆగిపోయాక ఒక పని చేశాను. తర్వాతి కథ మొదటి పేజీకి, పెన్ను పట్టుకున్న దగ్గర్నుంచీ క్యాలెండర్ వెనక టైమ్ రాసుకున్నాను, ఏ పనికి ఎంత పట్టిందో నిమిషాలతో సహా. మొత్తం 11 గంటల 20 నిమిషాలు తేలింది. రఫ్ స్కెచ్‌కి 50 నిమిషాలు. లైన్ గీయడానికి 2 గంటల 40 నిమిషాలు. గీసిన మొహాన్నీ గీసిన చేతినీ చెరిపి మళ్ళీ గీయడానికి రెండున్నర గంటలు. రంగులకి 2 గంటల 50 నిమిషాలు, అందులో సగం పైగా రంగు వేయడానికి కాదు, ఏ రంగు వేయాలో చూసుకోవడానికే పోయింది. ఆఖర్న మాటలు పెట్టి, అవి పట్టక, ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే గడి) సర్ది, మొహం పక్కకి జరిపి, మళ్ళీ పెట్టడానికి ఇంకో రెండున్నర గంటలు.

ఇందులో ఐప్యాడ్ తగ్గించేది ఎక్కడుంది చెప్పండి. లైన్ గీసే 2 గంటల 40 నిమిషాల్లో ఒక అరగంట తగ్గిస్తుందేమో. మిగతాదంతా చెయ్యి ఆలస్యం కాదు, తేల్చుకోలేకపోవడం. ఈ చొక్కా నీలమా ఆకుపచ్చా, ఈ కన్ను ఇంకొంచెం పైకా, ఈ మాట ఈ ప్యానెల్లోనా పక్కదాన్లోనా. ఒకే ప్రశ్నకి ఒకే రాత్రి ఆరుసార్లు జవాబు చెప్పుకుంటున్నాను, డిజిటల్లో గీసింది వెనక్కి తీసుకునే అండూ ఉంది కాబట్టి ఆరుసార్లూ చెరిపేస్తున్నాను. కాగితం మీద గీసేటప్పుడు ఈ జబ్బు ఇంతగా లేదు, రెండోసారి చెరిపితే కాగితం లేచిపోయేది.

మా అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేది. మాది కొండపి దగ్గర ఊరు, ఆ చుట్టుపక్కల బ్యారన్లు, అంటే పచ్చి పొగాకుని వేడికి ఆరబెట్టే ఇటుక గదులు, లేని ఊరు తక్కువ. బ్యారన్‌లో కాలిన ఆకుని మండె వేసి, అంటే పెద్ద కుప్పగా పేర్చి, తర్వాత రంగుని బట్టి ఏరి గ్రేడింగ్ చేస్తారు. షెడ్డులో వరసగా ఆడవాళ్ళు కూర్చుంటారు, ముందు ఆకు గుట్ట, చుట్టూ చిన్న చిన్న కుప్పలు. నిమ్మపండు రంగుది ఒక కుప్ప, నారింజ తిరిగింది ఒకటి, గోధుమ రంగుది ఒకటి, పచ్చదనం మిగిలింది ఒకటి, మచ్చ పడ్డది ఒకటి. వేసవి సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని నేనూ ఏరేదాన్ని. ఒక ఆకు పట్టుకుని, వెలుతురుకి పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, నారింజ కుప్పలో వేసి, మళ్ళీ తీసి గోధుమ కుప్పలో వేస్తుంటే అమ్మ చెయ్యి ఆపకుండానే అంది. "ఆకుని రెండుసార్లు చూశావంటే పొద్దు చాలదమ్మే. పట్టుకోంగానే తెలియాల." నాకు పట్టుకోగానే తెలియట్లేదంటే ఒక పని చేసింది. కుప్పకొక మంచి ఆకు తీసి, నా మోకాలి ముందు నేల మీద వరసగా పరిచింది. "దేంతో పోలితే దాంట్లో ఎయ్యి" అంది. అంతే, ఆ మధ్యాహ్నం నుంచి నా చెయ్యి మూడింతలు కదిలింది.

ఈ విషయం నాకు ఎందుకు పట్టుబట్టి చెప్పాలనిపిస్తోందంటే, అమ్మ చేతిది వేగం అనుకుంటారు అందరూ, అందరూ ఏంటి, నేనే పాతికేళ్ళు అనుకున్నాను. అది వేగం కాదు. నిర్ణయం ముందే అయిపోయింది, నేల మీద పరిచిన ఐదు ఆకుల్లో ఉంది, చెయ్యి దాన్ని అమలు చేస్తోంది. గ్రేడ్లు కలిసిపోయిన బేలు వేలానికి పోతే రేటు పడిపోతుంది, ఒక్కోసారి నో బిడ్ అని పక్కకి నెట్టేస్తారు, కాబట్టి తప్పు చేసే వీలు కూడా లేదు. తప్పు లేకుండా, రెండోసారి చూడకుండా. నేను కామిక్స్‌లో వెతుకుతున్నది సరిగ్గా అదే.

అందుకని ఇప్పుడు నా పద్ధతి ఏంటంటే, తేల్చుకునే పనులన్నీ పగలు, గీసే పనులన్నీ రాత్రి. మధ్యాహ్నం షాపులో భోజనం అయ్యాక దొరికే ఇరవై నిమిషాల్లో చిన్న నోట్‌బుక్‌లో రేపటి పేజీలు అగ్గిపెట్టెంత సైజులో వేసుకుంటాను. ఎవరు ఎటు వైపు చూస్తున్నారు, కెమెరా ఎక్కడ, ఏ ప్యానెల్లో వెనక ఏమీ ఉండక్కర్లేదు, ఏ మాట ఎవరిది. రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆ నోట్‌బుక్ చెప్పిందే వేదం, బాగా లేదనిపించినా సరే మార్చను. మర్నాడు మధ్యాహ్నం చూసి, అప్పటికీ బాగా లేదనిపిస్తే అప్పుడు మారుస్తాను. పదిలో ఏడెనిమిదిసార్లు మర్నాటికి అది బాగానే ఉంటుంది. రాత్రి పదకొండుకి అలిసిపోయిన కంటికి ఏ బొమ్మా నచ్చదు, ఆ కంటి మాట విని నేను పోగొట్టుకున్న రాత్రులు లెక్కలేనన్ని.

రంగులకి అమ్మ పరిచిన ఆకుల్లాగే 14 రంగుల చిన్న గళ్ళ పట్టీ ఒకటి చేసుకుని, ప్రతి పేజీ ఫైల్లో పై లేయర్లో (బొమ్మ మీద పరిచే గాజు కాగితం లాంటి పొర) ఓ మూల పెట్టుకుంటాను. కండక్టర్ ఖాకీ, దాని నీడ. బస్సు లోపలి గోడ, దాని నీడ. ఎండ, సాయంత్రం, రాత్రి. కథ మొత్తానికి ఇవే. కలర్ వీల్ తెరవడం నిషేధం. కొత్త రంగు కావాలనిపిస్తే పగలు ఆలోచించి పట్టీలో చేర్చాలి, ఇప్పటికి రెండుసార్లే చేర్చాను. బ్రష్‌లు కూడా అంతే, లైన్‌కి ఒకటి, నీడకి ఒకటి. నెట్‌లో దొరికే 300 బ్రష్‌ల ప్యాకులు దించుకుని ఒక్కొక్కటీ గీసి చూసిన రోజులు నాకూ ఉన్నాయి. అది పని చేస్తున్నట్టే అనిపిస్తుంది గానీ పేజీ కదలదు.

ఇక తెలుగులో కామిక్స్ గీసేవాళ్ళ గురించి ప్రత్యేకంగా ఒక మాట, ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను. ముందు మాటలు పెట్టండి. బొమ్మ గీయకముందే, రఫ్ కూడా వేయకముందే, ఖాళీ ప్యానెల్లో డైలాగులు టైప్ చేసి, అసలు ఫాంట్‌లో, అసలు సైజులో పెట్టి చూడండి. ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో చాలావాటిలో లెటరింగ్, అంటే ఈ మాటలు పెట్టే పని, ఆఖర్న వస్తుంది, వాళ్ళకి అది నడుస్తుంది. ఇంగ్లీష్ మాటలు పొట్టివి, అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో రాస్తారు, అక్షరం కింద ఏమీ వేలాడదు, లైన్లు దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. మన "వెళ్ళిపోవాల్సొచ్చిందేమో" అన్నది ఒక్కటే మాట. మధ్యలో విరగ్గొట్టలేం. మాటలు పెట్టే బెలూన్ గుండ్రంగా ఉండాలంటే పై లైన్ చిన్నది, మధ్య లైన్ పెద్దది, కింద లైన్ చిన్నది రావాలి, మన మాటలు అలా ఒదగవు. పైగా "రాష్ట్రం" లాంటి మాట వచ్చిందంటే ష కింద రెండు ఒత్తులు దిగుతాయి, కింద లైన్లో గుడి దీర్ఘం ఉందంటే ఆ రెండూ ఢీకొంటాయి. నేను లైన్‌కీ లైన్‌కీ మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లకి తక్కువ పెట్టను. అంటే అవే మాటలకి మన బెలూన్ ఇంగ్లీష్ బెలూన్ కన్నా చాలా చోటు తింటుంది. ఆ చోటు బొమ్మ గీశాక అడిగితే ఎవరిస్తారు? మొహం మీద పెట్టాలి, లేదా మొహాన్ని జరపాలి. క్యాలెండర్ వెనక రాసుకున్న ఆఖరి రెండున్నర గంటలు అవే.

మాటలు ముందు పెట్టడం వల్ల ఇంకో లాభం నేను ఊహించలేదు. ఖాళీ ప్యానెల్లో నాలుగు లైన్ల డైలాగ్ చూస్తే అది ఎంత ఎక్కువో కళ్ళకి కొడుతుంది. గీసిన బొమ్మ పక్కన అదే డైలాగ్‌ని కొట్టేయడానికి మనసు రాదు, ఖాళీ డబ్బాలో అయితే సగం మాటలు వాటంతట అవే రాలిపోతాయి. "నేను నీకు నిన్ననే చెప్పాను కదా, ఈ బస్సు టంగుటూరు మీదుగానే పోతుందని" అన్నది "నిన్ననే చెప్పాగా, టంగుటూరు మీదుగానే" అయింది. జనం బస్సులో మాట్లాడేది కూడా అట్టాగే.

టైప్ చేసే పద్ధతి దగ్గర కూడా నేను ఒక ఏడాది నష్టపోయాను. షాపులో అలవాటు కొద్దీ అను ఫాంట్లలో కొట్టేదాన్ని. డీటీపీ వాళ్ళందరి చేతికీ అదే అలవాటు, ఆ ఫాంట్ల అందం వేరు, కాదనను. కానీ అది యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే ఒకే పద్ధతి) కాదు, లోపల ఉండేవి వేరే గుర్తులు, పైకి మాత్రం తెలుగు రూపం కనిపిస్తుంది. ఫోన్లో కాపీ చేసి క్యాప్షన్‌లో పెడితే చెత్త వస్తుంది, వెతికితే దొరకదు, ప్రతి మాటా రెండోసారి కొట్టాలి. ఇప్పుడు కథ మొత్తం ఫోన్లోనే యూనికోడ్‌లో రాసుకుంటాను, అదే స్క్రిప్ట్, అదే డైలాగ్, అదే క్యాప్షన్. ఫాంట్లకి కరువేం లేదు. సిలికానాంధ్ర అనే సంస్థ ఆధ్వర్యంలో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. డైలాగులకి నాకు బాలూ తమ్ముడు అనే ఫాంట్ ఇష్టం, గుండ్రంగా, గట్టిగా, చిన్న ఫోన్లో కూడా చదవగలిగేలా ఉంటుంది. 1080 పిక్సెళ్ళ వెడల్పు పేజీలో నా అక్షరం 42 పిక్సెళ్ళకి తగ్గదు. షాపుకొచ్చే పెద్దవాళ్ళకి ఫోన్లో చూపించి, కళ్ళజోడు సర్దుకోకుండా చదివారా లేదా అని చూసి పెట్టుకున్న లెక్క అది.

ఇంకొకటి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడివిడిగా పడుతున్నాయని చాలామంది తిట్టుకుంటూ, ఒత్తుని వేరే లేయర్లో చేత్తో జరుపుకుంటూ ఉంటారు, నా కళ్ళతో చూశాను. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోటికి వెళ్ళి దక్షిణాసియా భాషల ఆప్షన్ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి తెరిచి, కొత్త ఫైల్ తీసి కొడితే ఒత్తులు సరిగ్గా పడతాయి. నేను మాత్రం లెటరింగ్ ఇంక్‌స్కేప్‌లో చేస్తాను. ఉచితం, తెలుగు చక్కగా వస్తుంది, బొమ్మని అందులో అతికించకుండా లింక్ మాత్రం పెట్టుకోవచ్చు. ప్యానెళ్ళూ బెలూన్లూ మాటలూ అన్నీ ముందే ఇంక్‌స్కేప్‌లో సిద్ధం, అది ఒక ఫొటోగా తీసి క్రిత (Krita) అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో పై లేయర్లో పెట్టుకుని దాని కింద బొమ్మ గీస్తాను, గీశాక బయటికి తీస్తే ఇంక్‌స్కేప్ పేజీలో బొమ్మ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ప్రూఫ్ తప్పు దొరికితే మాట మార్చి మళ్ళీ ఎక్స్‌పోర్ట్, బొమ్మ జోలికి పోయే పనే లేదు.

సైజుల గురించి త్వరగా చెప్పేస్తాను. ఫోన్లో మాత్రమే చదివే కథని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) గీయకండి. ఏ4 పేజీ 300 డీపీఐలో 2480 × 3508 పిక్సెళ్ళు, నిండా రంగున్న ఒక్క లేయర్ దాదాపు 35 ఎంబీ మెమొరీ తింటుంది. అదే 600 డీపీఐలో 139 ఎంబీ. నలభై లేయర్లు వేశారంటే ఒకటి 1.4 జీబీ, రెండోది 5.6 జీబీ, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ. పెన్ను వెనకే లైన్ ఈడుస్తూ వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే, ల్యాప్‌టాప్ మార్చే ముందు ఇది చూసుకోండి. వెబ్‌టూన్ లాంటి కామిక్స్ సైట్లలో 800 × 1280 ముక్కలే అడుగుతారు. ఎప్పుడైనా అచ్చు వేస్తానేమో అన్న ఆశ నాకూ ఉంది కాబట్టి 300 దగ్గర ఆగాను.

ఇప్పుడు నా బస్సు సంగతి చెప్పాలి, ఇది చెప్పడమంటే నాకు ఇష్టం.

ఇప్పుడు గీస్తున్న కథ ఒంగోలు నుంచి టంగుటూరు మీదుగా కొండపి పోయే పల్లెవెలుగు బస్సులో జరుగుతుంది, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బస్సులోనే. కథ ఎంచుకున్నప్పుడే ఇది ఆలోచించాను, రోజుకి రెండు గంటలున్న మనిషి పన్నెండు ఊళ్ళూ మూడు పెళ్ళిళ్ళూ ఉన్న కథ ఎత్తుకోకూడదు. బస్సు లోపలి భాగం నాలుగు కోణాల్లో గీశాను, డ్రైవర్ వైపు నుంచి వెనక్కి, వెనక సీటు నుంచి ముందుకి, పక్క నుంచి, మెట్ల దగ్గర్నుంచి. సీట్ల వెనక కమ్మీలు, పైన పట్టుకునే రాడ్డు, టిన్ను గోడ మీద గీకిన పేర్లు, అన్నీ పెట్టి, కిటికీలు మాత్రం ఖాళీగా వదిలేశాను. ఆ నాలుగింటికీ తొమ్మిది రాత్రులు పట్టాయి. ఆ తొమ్మిది రాత్రులూ ఒక్క పేజీ కూడా ముందుకి పోలేదు, టెన్షన్‌గానే ఉండింది.

తర్వాత ఒక పొడుగాటి పట్టీ గీశాను, ఎత్తు తక్కువ, వెడల్పు 12000 పిక్సెళ్ళు. బస్సు కిటికీలోంచి కనిపించేదంతా అందులో వరసగా ఉంది. రైల్వే గేటు, జామాయిల్ తోట, సుబాబుల్, ఎర్ర ఇటుకల బ్యారన్, పొగాకు చేను, రెండు గేదెలు, వాటర్ ట్యాంకు, మళ్ళీ బ్యారన్, చింతచెట్టు, ఊరి మొదట్లో సిమెంటు బస్‌షెల్టర్. క్రితలో ఫైల్ లేయర్ అని ఒక సదుపాయం ఉంది, బయట ఉన్న ఇంకో ఫైల్‌ని లేయర్‌లాగా పేజీలో పెట్టుకోవచ్చు, ఆ ఫైల్లో మార్పు చేస్తే పెట్టుకున్న అన్ని పేజీల్లోనూ మారుతుంది. బస్సు ఒక ఫైల్ లేయర్, దాని కింద కిటికీ పట్టీ ఇంకో ఫైల్ లేయర్. పేజీ పేజీకీ పట్టీని కొంచెం ఎడమకి జరుపుతాను, బస్సు కదులుతుంది. మూడో పేజీలో అమ్మాయి వెనక జామాయిల్ తోట ఉంటే ఐదో పేజీలో బ్యారన్ వచ్చింది, కొండపి దగ్గరపడుతోందని చదివేవాళ్ళకి నేను రాసి చెప్పక్కర్లేదు. ఆ దారిలో తిరిగే ఒకాయన "పదకొండో పేజీలో చింతచెట్టు రాంగానే దిగాలనిపించింది" అని రాశారు. వాడిందే వాడినందుకు ఎవరూ తిట్టలేదు. తిరిగి వాడటం వల్లే ఆ దారి దారిలాగా కనిపించింది, ప్రతిసారీ కొత్తగా గీసి ఉంటే చింతచెట్టు ప్రతిసారీ ఇంకోలా ఉండేది.

అమెరికాలో వాలీ వుడ్ అని కామిక్ ఆర్టిస్ట్ ఉండేవాడు. ఇద్దరు మనుషులు పేజీలకి పేజీలు మాట్లాడుకుంటూ ఉంటే బొమ్మ విసుగు పుట్టకుండా ఎన్ని రకాలుగా పెట్టొచ్చో చిన్న చిన్న ప్యానెళ్ళుగా గీసి పెట్టుకున్నాడు. ఒక మొహం పెద్దగా, తల వెనక నుంచి, నల్లటి నీడగా, దూరం నుంచి చిన్నగా, ఇలా. ఆయన దగ్గర పనిచేసిన లారీ హామా తర్వాత వాటిలో 22 ఒకే కాగితం మీద అతికించి తోటి ఆర్టిస్టులకి ఇచ్చాడు, ఇప్పటికీ కామిక్స్ నేర్చుకునేవాళ్ళ చేతుల్లో ఆ కాగితం తిరుగుతూనే ఉంది. ఆ కాగితం కూడా అమ్మ నేల మీద పరిచిన ఆకులే. బస్సులో సీటు మీద కూర్చుని మాట్లాడుకునే కథకి దాన్ని మించిన సాయం లేదు. నేను నా బస్సుకి సరిపడేవి తొమ్మిది ఎంచుకుని మానిటర్ పక్కన అంటించుకున్నాను.

పేజీ తర్వాత పేజీ పూర్తి చేయడం కూడా మానేశాను. ఎనిమిది పేజీలు కలిపి ఒక బేచ్. ఎనిమిదింటికీ మాటలు, తర్వాత ఎనిమిదింటికీ రఫ్, తర్వాత లైన్, తర్వాత రంగు. లైన్ గీసే వారంలో చెయ్యి లైన్‌కి అలవాటు పడి ఉంటుంది, కండక్టర్ ముక్కు ఎనిమిది పేజీల్లోనూ ఒకే ముక్కులా వస్తుంది. రంగు రాత్రి అయితే పాటలు వింటూ కూడా చేసుకోవచ్చు, బుర్ర పెట్టే పని ఉండదు. ఇందులో ఒక కష్టం ఉంది, దాచను. రెండు మూడు వారాల పాటు ఒక్క పేజీ కూడా పూర్తయినట్టు కనిపించదు, ఎవరికీ చూపించుకోవడానికి ఏమీ ఉండదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి ఆ లైకులు, ఆ మెచ్చుకోళ్ళు అన్నం లాంటివి, కాబట్టి మీరు ఎనిమిది కాకుండా మూడు పేజీల బేచ్‌తో మొదలుపెట్టండి.

ఇదంతా చెబితే ఒక మాట తప్పకుండా వస్తుంది. కళకి తొందరేంటి, ఫ్లెక్సీ కొట్టినట్టు కామిక్ కొడతారా అని. ఈ మాట నన్ను నొప్పిస్తుంది, ఎందుకంటే ఫ్లెక్సీ షాపులోనే నేను పని నేర్చుకున్నాను. "సాయంత్రానికి కావాలక్కా, పొద్దున్నే పోయారు మా నాయన" అని కళ్ళు తుడుచుకుంటూ ఫొటో ఇచ్చే మనిషికి, చిరిగిన రేషన్ కార్డు మీది చిన్న ఫొటోలోంచి మొహం తీసి, మచ్చలు తుడిచి, ఆయన ఇంట్లో ఎలా ఉండేవారో అలా తెచ్చి ఇవ్వాలి, రెండు గంటల్లో. అక్కడ తొందరపడేది గౌరవం లేక కాదు. సమయానికి అందకపోతే ఆ పని ఎంత బాగున్నా వాళ్ళకి అక్కరకు రాదు.

ఏఐతో నిమిషంలో వస్తుంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. చూశాను. బస్సు అడిగితే ఇచ్చింది, ఈ దారిలో ఎప్పుడూ తిరగని బస్సు, కిటికీ అవతల ఎక్కడివో కొండలు. అది సరిచేయించడానికి నేను చెప్పాల్సిన మాటలన్నీ నోట్‌బుక్‌లో నేనే తేల్చుకోవాల్సినవే, ఆ తేల్చుకోవడం అయిపోయాక గీసే పని నాకు ఇష్టమైన భాగం, అది ఇంకొకరికి ఎందుకు ఇస్తాను?

మిగిలిన సమయం ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. ఇప్పుడు నాకు పేజీకి సగటున నాలుగున్నర గంటలు పడుతోంది, అంటే రెండు రాత్రులకి కాస్త ఎక్కువ. కానీ పంతొమ్మిదో పేజీలో ఒకే ఒక్క ప్యానెల్‌కి నాలుగు రాత్రులు పెట్టాను. ముసలామె కొంగుముడి విప్పి టికెట్ డబ్బులు లెక్కపెట్టే బొమ్మ. (ఆడవాళ్ళకి బస్సు ఉచితం 2025 ఆగస్టు 15 నుంచి, నా కథ అంతకు ముందుది.) ముడి పంటితో వదులు చేసుకున్నాక బట్ట మీద మిగిలిన తడి, పది రూపాయల నోటు నాలుగు మడతలు, బొటనవేలి గోరు పక్కన పొగాకు జిగురు నల్లగా పట్టిన గీత. ఆకు పని చేసినవాళ్ళ చేతికి ఆ నలుపు ఎన్నిసార్లు కడిగినా పోదు. మా అమ్మ చెయ్యి పట్టుకుని, దీపం కింద పెట్టుకుని, కాగితం మీద ఐదుసార్లు గీసి, తర్వాత స్క్రీన్ మీద గీశాను. అక్కడ అండూ ఎన్నిసార్లు కొట్టానో లెక్కపెట్టలేదు. ఆ నాలుగు రాత్రులు నాకు బస్సు ఫైలూ, రంగుల పట్టీ, ముందే పెట్టుకున్న మాటలూ సంపాదించి పెట్టినవి. అవి లేకపోతే ఆ చెయ్యి కూడా అన్ని చేతుల్లాగే హడావిడిగా అయిపోయేది.

ఏడాదికోసారి సంక్రాంతి సెలవుల్లో నేనూ ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళూ ఒక పందెం వేసుకుంటాం. స్కాట్ మెక్‌క్లౌడ్ 1990లో 24 గంటల్లో 24 పేజీల కామిక్ అని ఒక సవాలు మొదలుపెట్టాడు, మాకు పిల్లలూ పిండివంటలూ ఉన్నాయి కాబట్టి ఆరు గంటల్లో ఆరు పేజీలు. గంటకి ఒక పేజీ అన్నప్పుడు ఏది వదిలేస్తారో అది మామూలు రోజుల్లో కూడా చాలావరకు అక్కర్లేనిదే. మొదటిసారి చేసినప్పుడు నేను వదిలేసింది వెనకాల గోడల నీడలు, ఒక్కరు కూడా అడగలేదు. మామూలు పేజీల్లో వాటికి ఇరవై నిమిషాలు పెట్టేదాన్ని.

నెల్లూరు తమ్ముడికి ఇవన్నీ చెప్పలేదు, మూడే చెప్పాను. ఈసారి పేజీకి టైమ్ రాసుకో, రంగులు పన్నెండుకి కుదించు, బొమ్మ ముట్టుకోకముందు కథ మొత్తం డైలాగులు టైప్ చేసి నాకు పంపు. పోయిన ఆదివారం పంపాడు, 14 పేజీలు. కథ బాగుంది. ఐదో పేజీలో మైపాడు బీచ్‌లో అన్నదమ్ములు గొడవపడే చోట ఒకే ప్యానెల్లో 58 మాటలున్నాయి. ఫోన్లో ఇద్దరం కూర్చుని ఒక్కో మాటా తీసుకుంటూ పోయాం, "అన్నా నువ్వు ఆరోజు ఆస్పత్రికి రాలేదు కదా" అన్నది "ఆస్పత్రికి రాలేదుగా నువ్వు" దగ్గరికి వచ్చింది, అన్న జవాబు మొత్తం కొట్టేశాం. అక్కడ అన్న మాట్లాడకుండా సముద్రం వైపు చూస్తాడు. ఆ ప్యానెల్‌కి ఎన్ని రోజులైనా తీసుకోమన్నాను.